కొసరుగా వచ్చిన అయస్కాంతం

చిత్రగిరి రాజు భుజబలరాయలు నిండుకొలువులో జంతిక కొరికాడు. కటుక్కుమంది. విరిగింది జంతిక కాదు, రాజుగారి ముందుపన్ను. జంతికలోంచి గోరంత ఇనుపముక్క బయటపడింది.

"నా పిండిమరలో ఇనుము పండిస్తున్నారా?" అని గర్జించబోయాడు. పంటి సందులోంచి గాలిపోయి గర్జన కాస్తా ఈలగా వచ్చింది. కొలువంతా తలలు వంచుకుని నవ్వు మింగింది.

పిండిమర చూసుకునేది పేరక్క. ఆమె మొగుడు బొల్లయ్య రాజుగారి అడపకాడు. ఆకూ వక్కా ఉన్న పెట్టె పట్టుకుని రాజు పక్కనే నిలబడి, అడిగినప్పుడల్లా తాంబూలం చుట్టి ఇవ్వడం అతని కొలువు. రాజు నోరు ఊరితే అతనికి పని, రాజు నోరు మండితే అతనికి గండం.

"తిరగళ్ళకు ఉలితో గంట్లు పెట్టినప్పుడల్లా ఇనుపరజను రాలుతుంది ప్రభూ. ఎంత జల్లించినా కొంత మిగులుతుంది," అన్నాడు బొల్లయ్య.

దండనాయకుడు రుద్రమల్లుడు మీసం దువ్వాడు. మర పెత్తనం తన బావమరిదికి ఇప్పించాలని అతనికి ఎప్పటినుంచో కోరిక.

"ఇనుమును లాగే అయస్కాంతం నేను తెస్తాను ప్రభూ. నా రాయి పిండిని బాగుచేస్తే పేరక్క దేశం విడిచి పోవాలి."

"చెయ్యకపోతే?" అన్నాడు బొల్లయ్య.

"నా రాయి చెయ్యకపోవడమేమిటి రా!"

రాజు సరేనన్నాడు. పన్ను సలుపుతుంటే న్యాయం ఎవరికి గుర్తొస్తుంది?

రేవులో పరదేశపు ఓడ ఆగి ఉంది. రుద్రమల్లుడు వెళ్ళాడు. కూడా బొల్లయ్యనూ పంపాడు రాజు. దండనాయకుడు ఓడ వర్తకుణ్ణి ఒకటే మాట అడిగాడు.

"అన్నిటికంటే పెద్దది ఏది?"

దూడంత నల్లరాయి చూపించారు. కొనేశాడు. వర్తకుడు మొహమాటపడి, నిమ్మకాయంత మెరిసే బిళ్ళనొకదాన్ని మందపాటి కొయ్యపెట్టెలో పెట్టి కొసరుగా ఇచ్చాడు.

"ఈ గోళీకాయ నాకెందుకు? నువ్వాడుకో రా!" అంటూ దండనాయకుడు ఆ పెట్టెను బొల్లయ్యమీదికి విసిరాడు.

"చులకన చేయకండి దొరా, అది కొత్తరకం. సత్తువ కొలతలో లేదు. ఇనుము దగ్గరికి తేకండి, నిప్పు సెగ తగలనివ్వకండి..." అని వర్తకుడు చెబుతూనే ఉన్నాడు. రుద్రమల్లుడు అప్పటికే మెట్లు దిగిపోయాడు. అతనికి కొనడం వచ్చు, వినడం రాదు. బొల్లయ్య నిలబడి చివరిదాకా విన్నాడు.

విన్నా, అతనూ మనిషే. ఇంటికొచ్చి పెట్టె తెరవగానే మొలలో ఉన్న అడకత్తెర ఎగిరివచ్చి బిళ్ళకు అతుక్కుంది. మధ్యలో అతని బొటనవేలు ఇరుక్కుంది.

"ఏమయ్యా, వక్క కత్తిరించడం మానేసి వేళ్ళు కత్తిరిస్తున్నావా?" అంటూ వచ్చి విడిపించింది పేరక్క. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని, ఆ బిళ్ళ దేనిమీదికి దూకుతుందో, దేన్ని పట్టించుకోదో ఓపికగా తెలుసుకున్నారు.

పందెం రోజు రాజు పిండిమరకే వచ్చాడు. తన బిళ్ళనూ చూడమని బొల్లయ్య వేడుకుంటే, ఇద్దరికీ చెరొకటిగా రెండు పళ్ళేల పిండిలో తన చేత్తోనే ఇనుపరజను కలిపాడు.

దండనాయకుడి దూడరాయిని బోయీలు ఆయాసపడుతూ పిండిమీద ఊపారు. కొంత రజను అంటుకుంది. గీకితే సగం మళ్ళీ పిండిలోనే పడింది. రాజు చిటికెడు నోట్లో వేసుకున్నాడు. కరకర.

బొల్లయ్య బిళ్ళకు తాడు కట్టి ఇత్తడి చెంబులో వేసి, చెంబును పిండిలో తిప్పాడు. చెంబుకు బయట నల్లటి గడ్డం మొలిచింది. దాన్ని పక్కన చాపమీద పట్టుకుని, తాడుతో బిళ్ళను పైకి లాగాడు. గడ్డం జలజలా రాలిపోయింది. రాజు రుచి చూశాడు. వెన్నలా ఉంది.

"ఆగండి!" అని అరిచాడు రుద్రమల్లుడు. "ఆ బిళ్ళ నేను కొన్నదాని కొసరు. నాది. అంటే గెలిచింది నేనే!"

రాజు తల గోక్కుని, "నిజమే. రాయి ఎవరిదో గెలుపు వాళ్ళది. పేరక్కా, మూట సర్దుకో," అన్నాడు.

పేరక్క గుమ్మంవైపు నడిచింది. బొల్లయ్య బిళ్ళను కొయ్యపెట్టెలో పెట్టి వినయంగా అందించాడు.

"దొరా, ముందు ఆ కవచం విప్పండి."

"యుద్ధంలోనే విప్పలేదు రా నేను!"

"తెలుసు దొరా. వెనక్కి పరిగెత్తేటప్పుడు కూడా విప్పలేదట."

రుద్రమల్లుడు కసిగా పెట్టె తెరిచాడు. ఠప్! బిళ్ళ ఎగిరి పొట్టమీది ఇనుపరేకుకు అతుక్కుంది. లాగబోతే ఇనుపతొడుగుతో సహా చెయ్యి ఇరుక్కుంది. ఊడదీయడానికి వచ్చిన భటుడి కత్తి కూడా వెళ్ళి అక్కడే చేరింది. కడుపునొప్పి వచ్చినవాడిలా వంగిపోయాడు దండనాయకుడు.

"చచ్చాను! తియ్యండ్రా!"

"బొల్లా, తీసెయ్యి," అన్నాడు రాజు.

బొల్లయ్య చేతులు కట్టుకున్నాడు.

"అది విడిపించే కిటుకు పేరక్కకే తెలుసు ప్రభూ. ఆవిణ్ణి తమరిప్పుడే దేశం విడిచి పొమ్మన్నారు!"

"అమ్మా పేరక్కా, పోకమ్మా!" అని గోలపెట్టాడు రుద్రమల్లుడు.

"దండనాయకులవారు పెట్టిన పందెం కాదనగలనా బాబూ?" అంది పేరక్క, వెనక్కి తిరక్కుండానే.

"నేను ఓడిపోయాను! ఈ రాయి నీదే! నీకు పుణ్యముంటుంది తల్లీ, రా!"

"నువ్వు బతికినన్నాళ్ళూ మర నీదే పేరక్కా," అన్నాడు రాజు.

అప్పుడు తిరిగొచ్చింది. కొయ్యచీలిక ఒకటి దూర్చి, "మీదికి లాగితే రాదు దొరా, పక్కకు జరపాలి," అంటూ బిళ్ళను అంచుదాకా నెట్టి పెట్టెలో పడేసింది. దండనాయకుడు గోడవారగా బయటికి జారుకున్నాడు.

"ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"ఇకమీద ఈ మరలోకి ఎవరొచ్చినా ఇనుము బయట విప్పి రావాలి ప్రభూ. తమరైనా సరే."

రాజు బుద్ధిగా బాకు విప్పాడు. కడియం విప్పాడు. మెడలోని బంగారు హారం కూడా తీసి చేత్తో పట్టుకుని, "ఇదెక్కడ పెట్టను?" అన్నాడు.

పేరక్క దోసిలి పట్టింది.

"బంగారాన్ని ఈ రాయి పట్టదు ప్రభూ, మేం పడతాం!"

రాజు పగలబడి నవ్వి, హారం ఆ దోసిట్లో పడేశాడు.