కర్రిగాడి మెడలో గంట

గంట తెచ్చి కుక్క మెడలో కట్టేసరికి శరభయ్యకు తల కొట్టేసినట్టయింది.

కట్టింది దారినపోయే దానయ్య కాదు, సాక్షాత్తు గురువుగారు చెన్నబసవ స్వామి. నల్లమలలోని వాళ్ళ మఠం నుంచి కొండ మీది శివుడి గుడికి ఏటా మాఘమాసంలో భక్తులు నడిచి వెళతారు. తెల్లవారుజామున బయలుదేరితే పొగమంచు, ముందున్న మనిషి వీపు కూడా కనపడదు. అందుకని దారి చూపేవాడు గంట మోగిస్తూ నడుస్తాడు, వెనకవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని వస్తారు. ఇన్నాళ్ళూ ఆ గంట స్వామిదే. ఇప్పుడాయనకు మోకాళ్ళు సహకరించడం లేదు. ఈసారి గంట ఎవరి చేతికొస్తే రేపు మఠానికి వాడే పెద్దదిక్కని అందరికీ తెలుసు.

ఆ గంట పోయి పోయి మఠం కుక్క కర్రిగాడి మెడలో పడింది! మూతి నెరిసిపోయిన ముసలి కుక్క. పోనీ వయసుకు తగ్గట్టు ఓ మూల పడుంటుందా అంటే అదీ లేదు. కొండ ఎక్కడమంటే చాలు, ఎక్కడలేని గంతులూ దానివే.

"నీళ్ళు మోసింది నేను, కట్టెలు కొట్టింది నేను. ఊడిగం నాది, ఊరేగింపు కుక్కదా?" అని పళ్ళు నూరుకుంటూ నడిచాడు శరభయ్య.

దాని నడక చూస్తే ఒళ్ళు ఇంకా మండింది. ముందుకు పరిగెత్తుతుంది. వరసలో అందరికంటే వెనక రొప్పుతూ వచ్చే నీలమ్మవ్వ దాకా దిగిపోతుంది. ఆవిడ చెయ్యి వాసన చూసి మళ్ళీ ముందుకొస్తుంది. గంట కాసేపు పైన, కాసేపు కింద!

ఇక ఉండబట్టలేక, మెల్లగా నడిచొస్తున్న స్వామినే అడిగేశాడు.

"ఇదేం న్యాయం స్వామీ? దారి చూపమంటే అది షికార్లు తిరుగుతోంది. ఈ కొండంతా నాకు కంఠతా వచ్చు. నాకంటే కుక్క ఎక్కువైందా మీకు?"

స్వామి మోకాళ్ళు పట్టుకుని వంగి, కర్రిగాడి మెడలోంచి గంట విప్పి శరభయ్య చేతిలో పెట్టారు.

ఇక చూడాలి శరభయ్య ఊపు! ఖంగుఖంగున మోగించుకుంటూ ఒక్క బిగిన కొండకొమ్ము చేరాడు. వెనక్కి తిరిగి చూస్తే నరమానవుడు లేడు. మోగించాడు. ఇంకా గట్టిగా మోగించాడు. మంచు విడిచి ఎండొచ్చింది, చెయ్యి పీకేస్తోంది, ఒక్కరూ రారే!

"చెవుడొచ్చిందా వీళ్ళందరికీ?" అని మండిపడ్డాడు.

అప్పుడు కింద కుక్క అరుపు వినపడింది. కర్రిగాడు మలుపులో కనపడ్డాడు, అంతలోనే మళ్ళీ కిందికి దిగిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు వాడి వెనకే జనం, ఆ వెనక నీలమ్మవ్వ, ఆవిడ చెయ్యి పట్టుకుని స్వామి.

"ఈ కర్రిగాడి అరుపే లేకపోతే ఆ మంచులో ఏ లోయలో పడుందుమో!" అంటూ అవ్వ చతికిలబడింది.

శరభయ్యకు రోషం ముంచుకొచ్చింది. "ఆగకుండా గంట మోగిస్తూనే ఉన్నాను కదా స్వామీ! ఒక్కరికీ వినపడలేదా?"

స్వామి ఊపిరి కూడదీసుకున్నారు.

"వినపడింది నాయనా. దూరమైపోవడం కూడా వినపడింది."