మొరగకూడని పత్యం

కోటిరత్నమ్మ దొడ్లో సింహాద్రి అనే కుక్క ఉండేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దానికున్న పని ఒక్కటే, మొరగడం. నక్క కనబడగానే ఒక్క మొరుగు మొరిగితే చాలు, దొడ్డి వెనక మిరపచేలో కాయలు కోస్తున్న కోటిరత్నమ్మ దుడ్డుకర్రతో వచ్చేస్తుంది. ఆ మొరుగు మీదే పొడల పెట్ట, దాని ఏడు పిల్లలు బతుకుతున్నాయి.

పక్కింట్లో ఓణీల ఫంక్షన్ జరిగింది. షామియానా వెనక ఎంగిలి విస్తళ్లు గుట్టగా పడ్డాయి. సింహాద్రి వాటి మధ్య దూరి బిర్యానీ తింది, మటన్ బొమికలు తింది, ఆ పైన నేతి బొబ్బట్లు, వాటి పైన జున్ను. కడుపు చాలంటున్నా వినలేదు. వీధికుక్కలకి ఎక్కడ దక్కుతుందోనన్న బెంగతో ఆఖరి విస్తరి కూడా నాకేసి, నాలుగు బొమికలు నోట కరుచుకుని వచ్చింది.

తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. దొడ్డంతా కంపు.

"చచ్చిపోతున్నా తాతా! ఏదన్నా మందు చెప్పు" అని పాకలో నెమరేస్తున్న మైల ఎద్దు దగ్గర మూలిగింది.

"మందెందుకురా? ఇవాళంతా ఏమీ తినకు. నీళ్లు కొంచెం కొంచెంగా తాగు. రేపు రెండు ముద్దలు మెత్తటి అన్నం, ఉప్పూ కారం లేకుండా. లంఖణం పరమౌషధం అన్నారు. అప్పటికీ తగ్గకపోతే కోటిరత్నమ్మే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది."

"మరి దాచుకున్న బొమికలు?"

"కాకులకెయ్యి."

"గడ్డి తినేవాడివి, బొమిక విలువ నీకేం తెలుసులే!"

పొడల పెట్ట పరుగున వచ్చింది. "అన్నా, తాత మాట విను. నువ్వు మంచాన పడితే నా పిల్లలకి దిక్కెవరు?"

"నీ పిల్లల గోల నీది, నా కడుపు గోల నాది" అంది సింహాద్రి.

కంచె అవతల నక్క ఇదంతా వింది. దర్జాగా లోపలికి తొంగిచూసింది. సింహాద్రి మొరగబోయింది.

"ఆగాగు! మొరిగావో, పేగు మెలిపడుతుంది! నేను వైద్యుణ్ణి" అంది నక్క.

సింహాద్రి నోరు టక్కున మూసుకుంది. నక్క దగ్గరికొచ్చి ముంగాలు పట్టుకుని, కళ్లు మూసుకుని నాడి చూసింది.

"నిన్ను పస్తుండమన్నదెవరు?"

"అదిగో, ఆ ముసలి ఎద్దు."

"అయ్యయ్యో! అసలే నీరసంగా ఉన్నవాడివి, తినకపోతే బలమెలా వస్తుంది? దాచుకున్నవన్నీ తినెయ్. పత్యం తిండికి కాదు, గొంతుకి. మొరుగు వచ్చేది పొట్టలోంచేగా? అందుకని మూడు రోజులు మొరక్కూడదు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. సింహాద్రికి ప్రాణం లేచొచ్చింది. తినమనీ, పని చెయ్యొద్దనీ చెప్పే వైద్యుడు ఎంత పుణ్యం చేసుకుంటే దొరకాలి!

"ఒరేయ్, కోళ్లని కాసేవాణ్ణి మొరగొద్దంటే అది ఎవరికి లాభంరా?" అంది ఎద్దు.

"నీకు కుళ్లు తాతా. నీ వైద్యానికి గిరాకీ లేదని ఏడుపు."

మధ్యాహ్నానికి నాలుగు బొమికలూ లోపలికి పోయాయి. మళ్లీ వాంతులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే నక్క కంచె దూకింది.

"అన్నా, మొరుగు! ఒక్కసారి మొరుగు!" అని పెట్ట గొంతు చించుకుంది.

సింహాద్రి తలెత్తింది. "పత్యం!" అని హెచ్చరించింది నక్క. సింహాద్రి నోరు మూసుకుని, తోక కూడా ఊపింది. కట్టుతాడు తెంపుకోలేక ఎద్దు రంకెలు వేసింది. చేలో కోటిరత్నమ్మ విని, "కుడితి కోసం కాబోలు, వస్తా ఉండు" అనుకుని కోత సాగించింది. నక్క మూడుసార్లు వచ్చి వెళ్లింది. పెట్ట పాక మీదికెగిరి ప్రాణం దక్కించుకుంది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

సాయంత్రం కోటిరత్నమ్మ వచ్చి నెత్తీనోరూ కొట్టుకుంది. సింహాద్రిని గుంజకి కట్టేసి, ఆ రోజు నీళ్లు తప్ప ఇంకేమీ పెట్టలేదు. మర్నాడు రెండు ముద్దల చప్పటి అన్నం పడేసింది. ఎద్దు చెప్పిన వైద్యమే, కాకపోతే మెడకి తాడుతో. మూడో రోజుకి కడుపు కుదుటపడింది.

ఒంట్లో సత్తువ వచ్చేసరికి సింహాద్రికి పౌరుషం కూడా వచ్చింది. కంచె వైపు తిరిగి ఊరంతా వినబడేలా మొరిగింది.

పాక మీంచి పెట్ట అడిగింది: "ఇప్పుడెవరి కోసం అన్నా?"

సింహాద్రి మొరగడం ఆపేసింది. దానికిప్పుడు ఏ పత్యమూ లేదు, అయినా నోరు పెగల్లేదు.

నీతి: తినమని చెప్పే వైద్యుడు దొరికాడని మురిసిపోయే ముందు, వాడి ఆకలి ఏమిటో చూసుకోవాలి.