తాటిమాను దగ్గర పెద్ద దొడ్డి

వానలు పడే ముందు ఆ అడవిలో ఎవరి కాలూ ఒకచోట నిలవదు. పొలం గట్టు నుంచి కొండ గట్టుకి గింజలు చేరవెయ్యాలి. మధ్యలో ఏరు. మూటలతో దాటాలంటే ఏటి మీద అడ్డంగా పడ్డ తాటిమాను ఒక్కటే దారి. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే.

మాను మొదట్లో కర్రెన్న అనే దున్నపోతు కాపలా. పక్కనే, వంతు వచ్చేదాకా ఆగడానికి, ముళ్లకంపతో చిన్న దొడ్డి. దొడ్డి నిండిందా, కర్రెన్న కొమ్ము అడ్డం పెట్టి "చోటు లేదు, పోయి రా" అనేవాడు. ఎవరెన్ని తిట్టినా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

గుంటయ్య అనే నక్క ఇదంతా చూస్తూ ఉండేవాడు. అవతలి గట్టున పల్లంలో వాడి బొరియ, అందులో పెళ్లాం ఎర్రమ్మ, ముగ్గురు పిల్లలు. ఇవతల వాడికి పెద్దరికం మీద కన్ను.

"ఏం పందికొక్కు బావా, మళ్లీ వెనక్కేనా?" అన్నాడు ఓ రోజు.

"ఆ కర్రెన్న మొహం మండ! వేరుశనక్కాయలు మోసుకురావడం, మోసుకుపోవడం. ఇదే సరిపోతోంది బావా."

"దొడ్డి పెద్దది చేస్తే పొమ్మనే పనేముంది? నన్ను పెద్దని చెయ్యండి. ఒక్కర్ని వెనక్కి పంపితే నా తోక కోసిస్తా."

అందరూ సరేనన్నారు. కర్రెన్న నెమరు ఆపి, "దొడ్డి పెరిగితే మాను వెడల్పవుతుందా?" అని అడిగాడు.

"నీ బుర్రలాగే ఉంది నీ ప్రశ్న," అన్నాడు గుంటయ్య. అంతా నవ్వారు.

కంప జరిపారు. దొడ్డి గట్టు పొడుగునా సాగింది. గుంటయ్యకి ఎక్కడ చూసినా దండాలే. మునుపు మూటతో మొగుడు తిరిగొస్తే పెళ్లాం రెండో మూట కట్టేది కాదు. ఇప్పుడు తిరిగొచ్చేవాడే లేడు. దారి ఖాళీ కాబోలనుకుని ఉడతలు, ఎలుకలు, ముళ్లపందులు ఇంటిల్లిపాదీ మూటలెత్తుకుని బయల్దేరారు. మాను మీద మాత్రం ఎప్పటిలా ఒకరి వెనక ఒకరే. ఏటి తేమకి దొడ్డిలో గింజలు మొలకలెత్తాయి.

"బావా, నిన్ననగా వచ్చాను," అంది పందికొక్కు.

"లోపలే ఉన్నావుగా! ఎవరన్నా పొమ్మన్నారా?" అన్నాడు గుంటయ్య.

ఇంతలో కొండల మీద ఆకాశం నల్లబడింది. దొడ్డి నడిమధ్య నుంచి సన్నటి గొంతు, "గుంటయ్య మావా!" అని. చూస్తే కుందేలు, రెండు మూటల మధ్య ఇరుక్కుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"మీ ఇంటికే కబురు మావా. కొండల్లో కుండపోత. ఏరు పొంగేలోగా పిల్లల్ని మెరకకి తీసుకుపొమ్మని ఎర్రమ్మత్తకి చెప్పాలి. పొద్దుటినుంచీ వరసలోనే ఉన్నా."

"పొద్దుటినుంచా! ఇంకో దారి చూసుకోలేకపోయావా?"

"కర్రెన్న తాత పొమ్మనుంటే పై రేవు రాళ్ల మీద గెంతి ఎప్పుడో చేరేదాన్ని. ఇక్కడ రా రా అన్నారుగా!"

గుంటయ్య మాను వైపు ఉరికాడు. "జరగండి! దారివ్వండి!" అని అరిచాడు. జరగడానికి చోటేదీ?

"వరసలో రా బావా, నీ దొడ్డే కదా," అంది పందికొక్కు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పై రేవుకి పరిగెత్తాడు. అప్పటికే రాళ్లు మునిగిపోయాయి. తిరిగొచ్చేసరికి తాటిమాను మీంచి నీళ్లు పొర్లుతున్నాయి. దొడ్డిలోవాళ్లు మూటలొదిలేసి మెరకకి పరిగెత్తుతున్నారు. గుంటయ్య గట్టున కూలబడి, "నా పిల్లలో!" అని ఏడ్చాడు.

కర్రెన్న ఏట్లోకి దిగి, "ఎక్కు," అన్నాడు.

అవతలికి చేరేసరికి బొరియ ఉన్న చోట బురదనీళ్లు సుడి తిరుగుతున్నాయి. అప్పుడు పైన బండ మీంచి ఎర్రమ్మ కేకేసింది. పక్కన ముగ్గురు పిల్లలూ ఉన్నారు.

"కబురందిందా?" అన్నాడు గుంటయ్య.

"నీ దొడ్డిలో దూరిన కబురు బయటికొస్తుందా! చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతుంటే చూసి, వాటి వెనకే వచ్చాం. నిన్ను నమ్ముకునుంటే ఈపాటికి చేపలకి మేతయ్యేవాళ్లం."

గుంటయ్య తల దించుకున్నాడు. కర్రెన్న ఒళ్లు దులుపుకుని, "ఎంతైనా మాట మీద నిలబడ్డాడమ్మా. ఒక్కర్నీ వెనక్కి పంపలేదు," అన్నాడు.

రా రమ్మని కూచోబెట్టేవాడి కంటే చోటు లేదని ముందే చెప్పేవాడు నయం.