ఉసేనమ్మ ఎలుక

పక్కీరప్పకు ఎలుక నిలవడం లేదని దిగులు పట్టుకుంది. పెండ్లాం పోయి నలభై దినాలు కాలేదు, ఆ యమ్మ కోసం ఏడవాల గానీ ఎలుక కోసం ఏడుస్తాడేందని ఊళ్లో నవ్వినారంట.

వాళ్లకేం తెలుసు. ఈ మనిషి పరుపుల దూది ఏకేటప్పుడు పెండ్లాం ఉసేనమ్మ పక్కనే కూచోనేది. గోడ బొక్కలోంచి ఒక చిట్టెలుక వచ్చి ఆమె అరచేతిలో మెతుకులు తినేది. రెండేండ్ల సావాసం. దూది ఏకే విల్లు అంత గట్టిగా మోగుతా ఉన్నా అది కదిలేది కాదు.

ఇప్పుడూ అదే ఎలుక, అదే విల్లు. పక్కీరప్ప పక్కన మెతుకులు పెట్టుకోని కట్టెతో వింటి నరం మీద ఒక్క దెబ్బ కొడితే చాలు, జానెడెత్తు ఎగిరి బొక్కలో పడేది.

మోత ఎక్కువైందేమోనని నరానికి ఆమె పాతచీర పేలిక చుట్టినాడు. మెల్లగా కొట్టినాడు. చప్పుడు చచ్చిపోయింది, దూది ఉండలుండలుగా మిగిలింది. ఎలుక మాత్రం అట్లే ఎగిరింది.

ఇంక తట్టుకోలేక దర్గా కాడికి, చిన్నప్పటినుంచి తనకు గురువైన మస్తానయ్య దగ్గరికి పోయినాడు.

"ఆమె చెయ్యి తెలిసిన ప్రాణం ఇంట్లో అదొక్కటే బాబయ్యా. అది గూడా పారిపోతే నేనెట్ల ఉండేది?"

మస్తానయ్య ఇంట్లో టీ పొడి ఉందా అని అడిగి, ఆయన వెంబడే లేచి వచ్చినాడు.

వచ్చి కూచోని, ముందు ఆ పేలిక విప్పినాడు. మడిచి పక్కీరప్ప ఒళ్లో పెట్టినాడు. చానాసేపటికి ఎలుక వచ్చి మెతుకుల్లో మూతి పెట్టింది.

అప్పుడు మస్తానయ్య గోటితో నరాన్ని అట్ల మీటినాడు. దోమ పోయినంత చప్పుడు. ఎలుక చెవులు తిరిగినాయి, అంతే. ఆ వెనకే కట్టె ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టినాడు. ఇల్లంతా మోగింది. పైకప్పు దంతెల్లోంచి దుమ్ము రాలింది.

ఎలుక నములుతానే ఉంది.

"నువ్వే ఎగిరినావు గదరా," అన్నాడు మస్తానయ్య.

పక్కీరప్పకు అప్పుడు తట్టింది. తను కట్టె ఎత్తినప్పుడల్లా ఉసేనమ్మ బిడ్డకు చెప్పినట్ల ముందుగానే ఎలుకకు 'ఊఁ' అనేది. ఎవరితోనే నీ మాటలు అని ఎన్నిసార్లు కసిరినాడో.

"నాకు మాత్రం ఏమీ చెప్పకుండానే పోయింది బాబయ్యా," అన్నాడు.

మస్తానయ్య కట్టె పక్కీరప్ప చేతిలో పెట్టినాడు. "అది కాచుకోని ఉంది నాయనా."

పక్కీరప్ప కట్టె ఎత్తినాడు. సన్నగా, "ఊఁ" అన్నాడు.

ఎలుక తినేది ఆపింది. తల తిప్పి ఉసేనమ్మ కూచునే చోటు తట్టు చూసింది.

కట్టె అట్లే ఎత్తి పట్టుకోని, పక్కీరప్ప కూడా అటే చూసినాడు.