కొంగలరేవులో ఆగమన్న గొంతు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా కథగానే విన్న కాలంలో, నీలవేణి అనే పెద్ద నది ఒడ్డున కొంగలరేవు ఉండేది. ఆ రేవులో నలభై కుటుంబాలు, ఇరవై పడవలు. పడవ ఎవరిదైనా పని అందరిదీ ఒక్కటే. ఈ ఒడ్డున నిలబడ్డవాణ్ణి ఆ ఒడ్డుకు క్షేమంగా చేర్చడం.

రేవుకు పెద్ద పైడమ్మ.

అక్కడొక ఆచారం ఉండేది. తెల్లవారగానే, తొలి పడవ కదలక ముందే, రేవు పెద్ద పొడవాటి వెదురు గడను నదిలో ఏడుచోట్ల ముంచి లోతు చూసి కేకవేయాలి. "గుండురాయి దగ్గర నిలువు లోతు!" అని పెద్ద అంటే, పడవలవాళ్ళంతా ఒక్క గొంతుతో "నిలువు లోతు!" అనాలి. "రెల్లుదుబ్బు దగ్గర మొలలోతు!" అంటే "మొలలోతు!" అనాలి. అప్పుడే పడవలు కదిలేవి.

పైడమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ కేక వేస్తోంది. ఈ మధ్యనే ఆమెకు చిన్న చిన్న మరపులు మొదలయ్యాయి. పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయేది. మనవరాలిని కూతురి పేరుతో పిలిచేది. అది తలుచుకుంటే భయం వేసేది. ఆ భయం తీరడానికే ఆమె గడ ముంచడం మానేసింది. ఒడ్డున నిలబడి, కళ్ళు మూసుకుని, ఏడు లోతులూ గడగడా చెప్పేసేది. ఒక్కటీ తప్పకపోతే "నా మతి ఎక్కడికీ పోలేదు" అని లోలోపల పొంగిపోయేది.

ఒక ఏడాది నీలవేణికి ఎన్నడూ లేనంత వరద వచ్చింది. వరద తీసిన మర్నాడు పైడమ్మ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని కేకవేసింది. అందరూ ఎప్పటిలాగే తిరిగి అన్నారు. తొలి పడవ బయలుదేరింది. గుండురాయి దగ్గర కొత్తగా ఇసుక మేట వేసి ఉంది. పడవ దానికి కొట్టుకుని ఒరిగిపోయింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు గాని, ఇరవై బస్తాల ఉప్పు నీళ్ళలో కరిగిపోయింది.

ఆ సాయంత్రం రేవువాళ్ళంతా పైడమ్మ వాకిట్లో చేరారు. ఆమె మరిది పోతురాజు మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"వదినా, రాజుగారు పిలిస్తే నువ్వు నోరు విప్పకు. ఈదురుగాలి కొట్టిందని నేను చెబుతాను. గాలి వచ్చి కాదని సాక్ష్యం చెబుతుందా ఏమన్నా?"

అందరూ నవ్వారు. కోడలు ముత్యం నవ్వలేదు.

"ఆ పడవలో తెడ్డు వేసింది నేనే, అత్తా. గుండురాయి దగ్గర లోతు తగ్గినట్టు నీళ్ళ రంగు తేలిపోయి ఉంది. చూశాను."

"చూసి చెప్పలేదేమే?"

"నిలువు లోతని నువ్వు కేకవేశావు. నిలువు లోతని నేనూ అన్నాను. అన్న నోటితోనే కాదని ఎలా అనను?"

తన ఒక్క మతిని కాపాడుకోబోయి రేవువాళ్ళందరి కళ్ళకు గంతలు కట్టానని పైడమ్మకు అప్పుడు తెలిసింది.

మర్నాడు రాజుగారి కొలువుకు పిలుపు వచ్చింది. అప్పటికే వసుదత్తుడనే వర్తకుడు అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రంగులు వేసిన కొత్త పడవలు అతనికి ఎన్నో ఉన్నాయి. రేవు తనకిమ్మని అడుగుతున్నాడు.

"పడవ ఎందుకు ఒరిగింది?" అని సుకేతు మహారాజు అడిగాడు.

పోతురాజు గొంతు సవరించుకున్నాడు. పైడమ్మ అతన్ని పక్కకు జరిపింది.

"గాలి లేదు ప్రభూ, వాన లేదు. గడ ముంచకుండా గుర్తున్నదే చెప్పాను. నది మారింది, నేను చూసుకోలేదు. తప్పు నాది."

వసుదత్తుడు పకపకా నవ్వాడు. "విన్నారు కదా ప్రభూ! మతిమరుపు ముసలమ్మ చేతిలోనా ఇంతమంది ప్రాణాలు?"

రాజు తీర్పు చెప్పాడు. "మూడు రోజులు ఇద్దరూ పడవలు నడపండి. ఎవరిని నమ్మవచ్చో ఆ తరువాత చెబుతాను. వారిదే రేవు. రెండోవారు ఈ ఒడ్డు విడిచి వెళ్ళాలి."

నలభై కుటుంబాల కూడూ గూడూ ఆ మూడు రోజుల మీద ఆధారపడ్డాయి.

రేవుకు తిరిగి వచ్చి పైడమ్మ అందరినీ పిలిచింది. "ఇకనుంచి నేను ఒక్కదాన్నే లోతు చూడను. ప్రతి పడవకూ ఒక గడ ఉండాలి. దారిలో ఎవరికి అనుమానం వచ్చినా 'ఆగు' అనాలి. ఎవరు అన్నా పడవ ఆగాలి. నేను వద్దన్నా ఆగాలి."

వసుదత్తుడు కూడా తన కూలివాళ్ళను పిలిచాడు. "నది మధ్యలో పడవ ఆపినవాడికి మర్నాడు పని లేదు!" అన్నాడు.

మొదటి రోజు వసుదత్తుడి పడవలు డప్పులు మోగించుకుంటూ మూడుసార్లు వెళ్ళి వచ్చాయి. గడలు ముంచుకుంటూ వెళ్ళిన రేవు పడవలు రెండుసార్లే తిరిగాయి. "ఏమమ్మా పైడమ్మా, నదికి జోల పాడుతున్నావా?" అని సంతకు వెళ్ళేవాళ్ళు ఎగతాళి చేశారు.

రెండో రోజు నది మధ్యలో పోతురాజు "ఆగు!" అని అరిచాడు. పడవ ఆగింది. గడ ముంచి చూస్తే నిలువు లోతు. అడ్డమేదీ లేదు. అతను చూసింది మబ్బు నీడ. పడవలోని వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. పోతురాజు మీసం వాలిపోయింది.

"ఇక నేను నోరెత్తను వదినా."

"ఎత్తుతావు. ఆగమన్నావు, ఆగాం, చూశాం. పోయిందేముంది? నువ్వు ఇవాళ సిగ్గుపడి నోరు మూసుకుంటే రేపు అందరూ మూసుకుంటారు. తెడ్డు వెయ్యి."

మూడో రోజు రాజే స్వయంగా అవతలి ఒడ్డున కూర్చున్నాడు. వరదకు అక్కడి పొలాలు కొట్టుకుపోయాయి. తిరిగి చల్లడానికి విత్తనాలు చేరాలి. సగం బస్తాలు వసుదత్తుడి పెద్ద పడవలో, సగం పైడమ్మ పడవలో వేశారు. ఎగువన వాన పడి నది ఎర్రగా పారుతోంది.

నది మధ్యకు వచ్చేసరికి ముత్యం "ఆగు అత్తా!" అంది.

"నిన్ననే చూశాం కదే! ఇక్కడ నిలువు లోతు," అంది పైడమ్మ. అది ఆమెకు బాగా గుర్తుంది. కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా తెడ్డు పైకెత్తి పడవ ఆపించింది.

ముత్యం గడ ముంచింది. మోకాటి లోతు. రాత్రికి రాత్రే అక్కడ ఇసుక మేట వేసింది.

"పక్కకు తిప్పండి!" అని పైడమ్మే కేకవేసింది. పడవ మేట చుట్టూ తిరిగి క్షేమంగా ఒడ్డుకు చేరింది. అదే సమయంలో వసుదత్తుడి పడవ డప్పులతో దూసుకువచ్చి ఆ మేటకే కొట్టుకుని పక్కకు వాలింది. బస్తాలు జారసాగాయి.

"వాడి ఖర్మ వదినా! మనం గెలిచాం," అన్నాడు పోతురాజు.

"అవతలి ఒడ్డుకు చేర్చడం మన పని. ఆ బస్తాలింకా చేరలేదు. పదండి!"

రేవు పడవలన్నీ వెళ్ళాయి. మనుషులను దింపాయి, బస్తాలను దింపాయి. ఒక్క గింజ కూడా తడవలేదు. ఒడ్డుకు చేరాక వసుదత్తుడి చుక్కాని పట్టినవాడు రాజు ముందు తల వంచుకున్నాడు.

"నీళ్ళ రంగు తేలిపోయిన సంగతి చూశాను ప్రభూ. ఆపితే పని పోతుందని ఆపలేదు."

వసుదత్తుడు తల ఎత్తలేకపోయాడు.

"రేవు నీదే పైడమ్మా," అన్నాడు రాజు. "నీ పేరు మీద శాసనం రాయిస్తాను."

"నా పేరు వద్దు ప్రభూ. నేను మరిచిపోయే మనిషిని. కొంగలరేవు పడవలవాళ్ళందరి పేరు మీద రాయించండి. నేను మరిచిన రోజున చెప్పడానికి వీళ్ళంతా ఉన్నారు."

రాజు అలాగే రాయించాడు. వసుదత్తుడు షరతు ప్రకారం ఆ ఒడ్డు విడిచి వెళ్ళాడు. ఆ తరువాత నీలవేణి ఎన్నిసార్లు దారి మార్చినా కొంగలరేవు పడవ ఒక్కటీ ఒరగలేదట.

కాబట్టి పిల్లలూ, తన తప్పు ఒప్పుకునే పెద్ద, ఆ పెద్దను సైతం ఆగమనగలిగే తోటివారు ఉన్న చోట, కాలం ఎంత మారినా కలిసి చేసే పని నిలబడుతుంది.