అసిరమ్మ గరిటె

ఈ కథకి ఒక్క అనగనగా చాలదు. అనగనగా, అంతకు ముందనగా, దానికీ ముందనగా జరిగిన మాట ఇది. మా ముత్తాతకి పాలపళ్ళు ఊడకముందే ఇది పాత కథ. కాబట్టి ఏ సంవత్సరమని ఎవరూ అడక్కండి. నాకు తెలీదు, తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

సముద్రం ఒడ్డున తెల్లగట్టు అని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో వరి పండదు, చెరకు పండదు, కంది పండదు. పండేది ఉప్పొక్కటే. కాలవలోకి వచ్చిన సముద్రపు నీటిని ఏతంతో తోడి మడుల్లో పెట్టేవాళ్ళు. నీళ్ళని ఎండ తాగేసేది. అడుగున ఉప్పు మిగిలేది. దాన్ని గట్టు మీద రాశి పోసి తాటాకు కప్పేవాళ్ళు.

తెల్లగట్టు వాళ్ళకి ఉప్పంటే రుచి కాదు, మర్యాద. బిడ్డ పుడితే నాలిక మీద ఉప్పు. చుట్టం వస్తే మంచినీళ్ళకన్నా ముందు చేతిలో ఉప్పు. మనిషి మంచం పడితే ఇక చెప్పక్కర్లేదు. ఇంటికొకరు చొప్పున తమ మడిలో పండిన ఉప్పు పిడికిట్లో పట్టుకొచ్చి, తమ చేత్తోనే రోగి గంజిలో కలిపి, ఎదురుగా కూచుని తాగించాలి. అప్పుడే చూడ్డానికి వచ్చినట్టు. పిడికిలి ఎంత నిండుగా ఉంటే అంత ప్రేమ. పరాయి ఊరివాడెవడైనా ఆ గంజి ఓ గుక్క తాగితే ఆ పూటే పడవెక్కేసేవాడు.

ఉప్పు వెయ్యని కూడు వాళ్ళు పెట్టేది ఒక్కళ్ళకే. చనిపోయినవాళ్ళకి, పదకొండో రోజున.

ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. పడుచుతనంలో మడి తొక్కుతుంటే కాల్లో ఆల్చిప్ప దిగింది. పుండు పడి, మాని, మళ్ళీ పుండు పడి, చివరికి ఆ పాదం వంకర తిరిగిపోయింది. గట్టు మీద నడవలేదు, మడి తొక్కలేదు, ఉప్పు తట్ట మొయ్యలేదు. తెల్లగట్టులో ఈ మూడూ చెయ్యలేని మనిషి ఇంట్లో కూచోవాలి. అసిరమ్మకి ఊరికే కూచోవడం చేతకాదు. అందుకని మంచం పట్టినవాళ్ళ పక్కన కూచోవడం మొదలుపెట్టింది.

ముందు ఓ పక్షవాతం ముసలమ్మ దగ్గర కూచుంది. ఏడేళ్ళు ఆ ముసలమ్మ మంచం దిగలేదు. ఏడేళ్ళలో ఆవిడ వీపు మీద ఒక్క పుండు పడలేదు. అదెలా అని ఎవరైనా అడిగితే అసిరమ్మ మూడు మాటలు చెప్పేది.

“పక్క మార్చాల. పాదం సూడాల. పలకరించాల.”

ఇదీ ఒక వైద్యమేనా అని ఊరు నవ్వేది. తమ ఇంట్లో ఎవరైనా పడ్డారంటే మాత్రం నవ్విన నోటితోనే ముందు ఆవిడకి కబురు పెట్టేది.

అలా ఉండగా ఒక ఏడాది దాలయ్యకి జబ్బు చేసింది. దాలయ్య ఏతం వేసేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాట ఆపకుండా నీళ్ళు తోడేవాడు. అలాంటివాడికి నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం మొదలైంది. పాదాలకి నీరు దిగింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. వీపు కింద ఒక ఊక మూట పెట్టారు, చాల్లేదు. రెండు పెట్టారు, చాల్లేదు. మూడు పెడితే కూచున్నట్టే కునుకు తీసేవాడు.

ఏటి అవతలి నుంచి పడవలో వైద్యుడు వచ్చాడు. దాలయ్య ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. గుండె అలిసిపోయిందన్నాడు. ఏతం వేసేవాడు అలిసిపోతే నీరు ఎక్కడిదక్కడే నిలబడిపోదా, ఇదీ అంతే అన్నాడు. ఏవో వేళ్ళు ఇచ్చి, కషాయం కాచి పొయ్యమని చెప్పి పడవెక్కాడు. దాలయ్య పెళ్ళాం పోలమ్మ నేరుగా అసిరమ్మ గుమ్మంలోకి వెళ్ళి, అక్క వరసతో “అప్పా, రా” అంది.

అసిరమ్మ వచ్చింది. పక్క మార్చింది. పాదం చూసింది. పలకరించింది. పొద్దున్నే దాలయ్య కాలి మీద బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. రోజూ అదే సమయానికి, అదే చోట.

ఒకసారి దాలయ్యకి నోరు పూసింది. ఉప్పు తగిలితే ప్రాణం పోయినట్టు అరిచేవాడు. సరేనని అసిరమ్మ మూడు రోజులు చప్పిడి గంజే తాగించింది. మూడో పొద్దున కాలు నొక్కితే గుంట తొందరగా పూడింది. మూడు మూటలు రెండయ్యాయి. నోరు మానగానే చుట్టాలు పిడికిళ్ళతో దిగారు. మూడు రోజుల్లో గుంట మళ్ళీ లోతైంది. రెండు మూటలు మళ్ళీ మూడయ్యాయి.

అసిరమ్మ ఉప్పునీ గుంటనీ కలిపి చూసుకుంది. తను చూసింది నిజమైతే, ఊరంతా కలిసి ప్రేమగా ఈ మనిషిని చంపేస్తోంది. ఆ మాట పైకి అంటే ఎవరూరుకుంటారు? అందుకని అసిరమ్మ ఒక తప్పు చేసింది. తప్పని నేను కాదు, తర్వాత ఆవిడే అంది. ఎవరైనా వచ్చి ఉప్పు కలిపితే, గంజి వేడిగా ఉంది, చల్లార్చి తెస్తానని లోపలికి పట్టుకెళ్ళేది. అది అక్కడ ఉంచేసి, చప్పిడి గంజి ముంత తెచ్చి తాగించేది. వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. దాలయ్య కాళ్ళ వాపు తగ్గింది. పోలమ్మ అంతా చూసింది, చూసి ఊరుకుంది.

దాలయ్యకి ఒక అన్న ఉన్నాడు. పేరు కూర్మయ్య. ఊరికి పెద్ద. ఏ మడి ఎప్పుడు నీళ్ళకి సిద్ధమవుతుందో ఆయన చెప్పాల్సిందే. తమ్ముడంటే ప్రాణం. ఒకరోజు తమ్ముడు మిగిల్చిన గంజి పారబొయ్యడం ఇష్టం లేక ముంత ఎత్తి తాగాడు. నోట్లో పెట్టుకున్నది అలాగే ఉమ్మేశాడు.

“సచ్చినోల్లకి ఎట్టే కూడు నా తమ్ముడికి ఎడతన్నావా?” అన్నాడు.

“ఆడు సావకూడదనే ఎట్టాను బావా” అంది అసిరమ్మ.

కూర్మయ్య వినలేదు. ఇంకోసారి ఈ గడప తొక్కితే ఊరు దాటిస్తానన్నాడు. పోలమ్మ తల వంచుకుని నిలబడింది. తను చూసిన పాదాల సంగతి ఆ ఒక్క క్షణంలో నోరు దాటి రాలేదు. అసిరమ్మ వంకర కాలు ఈడ్చుకుంటూ ఇంటికెళ్ళింది. తిట్లకి బాధపడలేదట. చాటుగా చేసినందుకు బాధపడింది. ఎదురుగా చూపించి ఉంటే కనీసం ఒక్కరైనా నమ్మేవారని అనుకుంది.

ఇక కూర్మయ్యే తమ్ముడి గంజి కలపడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ తగ్గిన ప్రేమంతా తీర్చాలని మొదటి రోజు ఒక పిడికెడు వేశాడు. రెండో రోజు రెండు. మూడో రోజు మూడు. మూడో రోజు మధ్యాహ్నానికి దాలయ్య మూడు మూటల మీద కూడా ఆనలేకపోయాడు. తట్ట బోర్లించి, దాని మీద చేతులు పెట్టుకుని, ముందుకి వంగి ఎగరోజుతున్నాడు. పెదాలు నీలంగా తిరిగాయి. మాట మొదలుపెడితే సగంలో తెగిపోతోంది.

పోలమ్మ ఎర్రటెండలో గట్టు మీద పరిగెత్తింది. అసిరమ్మ కాళ్ళ మీద పడబోతే ఆవిడ లేవనెత్తింది. కాళ్ళు పట్టుకోవాల్సింది నావి కాదు సెల్లీ, మీ ఆయనవి, పద అంది.

గుమ్మంలో కూర్మయ్య నిలబడి ఉన్నాడు. మొహంలో కోపం లేదు, భయం ఉంది. అయినా దారి ఇవ్వలేదు. అసిరమ్మ బతిమాలలేదు. ఒక ప్రశ్న వేసింది.

“బావా, మడి నేల నువ్వెలాగ సూత్తావు?”

“మడమతో నొక్కుతాను. గుంటలో నీరూరితే కింద తడుందని, ఉప్పుకి పనికిరాదని సెప్తాను.”

“అయితే నా మాట నమ్మొద్దు. నీ తమ్ముడి కాలు నొక్కి సూడు.”

కూర్మయ్య కూచుని తమ్ముడి కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాడు. గుంట అలాగే ఉంది. తట్టలు మోసే ఆడవాళ్ళు ముగ్గురు ఒకరి వెనక ఒకరు గట్టు దాటిపోయేదాకా అది పూడలేదు. నలభై ఏళ్ళు మట్టిని చదివిన మనిషికి ఇంకొకరు చెప్పాల్సిన పనేముంది?

“ఉప్పున్న కాడికే నీరు సేరతాది. ముసురేత్తే రాశి సెమర్సి కారడం నువ్వు సూడలేదా?” అంది అసిరమ్మ. “తొమ్మిది పొద్దులు ఈడ్ని నాకొదిలెయ్యి. రోజూ నీ వేలితో నువ్వే సూడు. ఆడు పోతే నన్ను ఊరు దాటించు.”

కూర్మయ్య పక్కకి తప్పుకున్నాడు.

మొదటి మూడు పొద్దులూ గడ్డుగా గడిచాయి. అసిరమ్మ దాలయ్యని కూచోబెట్టి, వీపుకి మూటలు దన్ను పెట్టి, కాళ్ళు కిందికి వేలాడేసింది. వైద్యుడి కషాయం వేళకి పోసింది. నీళ్ళు గుక్కెడే ఇచ్చింది. కూర్మయ్య వచ్చి నొక్కేవాడు, గుంట పడేది, లేచి వెళ్ళేవాడు. నడిమి మూడు పొద్దుల్లో దాలయ్యకి ఊపిరి కాస్త తిరిగింది. ఊపిరి తిరగ్గానే మొండితనం కూడా తిరిగొచ్చింది. చప్పిడి గంజి ముట్టనన్నాడు.

“సచ్చినోడిలాగ ఒక్కడ్నే తినలేను వదినా” అన్నాడు.

అసిరమ్మ అదే కుండలోంచి తనకీ ముంతెడు పోసుకుని ఎదురుగా కూచుంది. “ఒక్కడివే తింటే సావు కూడు. ఇద్దరం తింటే పత్యం. తాగు” అంది. ఆ రోజు నుంచి ఆవిడ వేరే ముద్ద ముట్టలేదు. వాడు ఏం తింటే అదే తింది. ఉప్పు ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి అదెంత కష్టమో మీరూ నేనూ ఊహించలేం.

పక్క మార్చింది. పాదం చూసింది. పలకరించింది. ఆఖరి మూడు పొద్దుల్లో మూడు మూటలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. తొమ్మిదో పొద్దున కూర్మయ్య వచ్చి ఎప్పటిలా నొక్కాడు. వేలికి ఎముక తగిలింది. నమ్మలేక ఇంకా గట్టిగా నొక్కాడు. నొప్పెడుతోంది, ఏటా నొక్కుడు అని దాలయ్య అన్న మీద కేకలేశాడు. అంత పెద్ద మనిషీ అక్కడే నేల మీద చతికిలబడి భోరున ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం దాలయ్య ఒక్క మూట మీద తల పెట్టి పడుకుని గురక పెట్టాడు. మూడిళ్ళ అవతలికి వినిపించింది. పెళ్ళైన నాటినుంచీ ఆ గురకని తిట్టిపోసిన పోలమ్మ, ఆ రోజు గుమ్మంలో కూచుని చెవులారా విన్నది. అసిరమ్మ గోడకి చేరబడి, వంకర కాలు చాపుకుని, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

నయమైపోయినట్టేనా అని అందరూ అడిగారు.

“నయమవదు” అంది అసిరమ్మ. “దీంతో కలిసి బతకాల. ఏతం ముట్టకూడదు, ఉప్పు ముట్టకూడదు, పాదం సూడ్డం మానకూడదు.”

దాలయ్య అలాగే బతికాడు. ఒకటి కాదు రెండు కాదు, పన్నెండేళ్ళు. ఏతం ముట్టలేదు కానీ గట్టు మీద కూచుని, వేసేవాళ్ళ కోసం పాట పాడేవాడు. పిల్లల పెళ్ళిళ్ళు చూశాడు.

మరి పిడికిళ్ళ సంగతేమిటి? ఆడవాళ్ళకి అదే దిగులు. వట్టి చేతుల్తో రోగి ఇంటికెలా వెళ్తాం అన్నారు. కూర్మయ్య ఒక మాట చెప్పాడు. కూడు ఉడకనివ్వండి, ఉప్పు వెయ్యకముందు ఒక గరిటె తీసి పక్కన పెట్టండి, అదే పట్టుకెళ్ళండి అన్నాడు. మొదటి రోజు పదిహేడు ఇళ్ళ నుంచి పదిహేడు గరిటెలు వచ్చాయి. దాలయ్య బెదిరిపోయాడు. ఆ తర్వాత వంతులు వేసుకున్నారు.

అసిరమ్మ దాలయ్య కన్నా ముందే పోయింది. ముసలితనంలో, ఓ మధ్యాహ్నం, కునుకు తీస్తూ పోయింది. ఎవరూ ఆవిడకి పక్క మార్చాల్సిన అవసరం రాలేదు. ఆవిడకి గుడి కట్టలేదు, రాయి నిలబెట్టలేదు, కొలుపు చెయ్యలేదు.

కానీ తెల్లగట్టులో ఈనాటికీ కుండలో ఉప్పు వేసే ముందు చెయ్యి ఆగుతుంది. “అసిరమ్మ తిన్నాదా?” అని అడుగుతారు. గరిటె తీసి పెట్టాక, “తిన్నాది” అంటారు. అప్పుడే ఉప్పు పడుతుంది. ఆ గరిటెడు కూడు ఊళ్ళో ఎవరికి పాదాలు వాచాయో వాళ్ళింటికి వెళ్తుంది. ఎవరికి ఆయాసమో, ఎవరు లేవలేని మంచంలో ఉన్నారో వాళ్ళింటికి వెళ్తుంది. పట్టుకెళ్ళినవాళ్ళు పక్క మార్చి, పాదం చూసి, పలకరించి వస్తారు.

ఊళ్ళో ఏ ఒక్కరూ మంచం మీద లేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు గరిటె ఎక్కడికీ వెళ్ళదు. వండిన మనిషే దాన్ని తినాలి, ఉప్పు కలుపుకోకుండా, చప్పిడిగానే తినాలి. మూతి ముడుచుకునే తింటారు. తిని, గుమ్మంలోకొచ్చి, పక్కింటికి వినపడేలా “ఇయ్యాల నానే తిన్నాను” అని చెప్తారు. అది విని పక్కింటివాళ్ళు కడుపు చల్లగా నవ్వుతారు. ఆ మాటకి ఆ ఊళ్ళో అర్థం ఒక్కటే, ఈ రోజు అందరూ బాగున్నారని.