ఎర్రగుడ్డ కట్టిన తూము

"గురువుగారూ, ఇవాళ శుక్రవారం, నీళ్లు కాలువ చివరనున్న శివారు వాళ్ల వంతని పైతూములన్నీ మూసి గుర్తుగా ఎర్రగుడ్డలు కట్టారు. పొద్దున నా కళ్లతో చూశాను. అయినా అన్యాయం, అన్యాయమని ఎందుకరుస్తారు వాళ్లు?"

అడిగింది ఆశ్రమంలో శిష్యుడు కైలాసం, కాలువ మొదట్లో పొలాలున్న బసవయ్యగారి కొడుకు. గురువు చిదంబరయ్యగారికి వాదించే అలవాటు లేదు. చెప్పులేసుకుని, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరారు.

ముందు శివారుకి వెళ్లారు. ఎండ మాడ్చేస్తోంది. అక్కడి రైతు అప్పాయమ్మ నారుమడి నెర్రెలు విచ్చింది. పసిపిల్ల జుట్టులా ఊగవలసిన నారు ఎండి గరగరలాడుతోంది. ఇవాళ తడి అందకపోతే ఈ ఏడు ఆమెకి నాట్లు లేవు. గుడ్డలు కట్టారు, కాస్త ఓర్చుకోమన్నాడు కైలాసం.

"గుడ్డ పిండుకుంటే నీళ్లొత్తాయా నాయనా?" అందామె.

గట్టెమ్మట పైకి నడిచారు. సగం దారిలో, తడిసిన చేను పక్కన చుట్ట కాలుస్తున్న రైతు నవ్వాడు. "పైనోళ్లకి కాస్త కక్కుర్తి, కిందోళ్లకి కాస్త ఏడుపు. మేం మాత్రం బానే ఉన్నామండి."

కాలువ మొదట్లో బసవయ్యగారి తూము మూసే ఉంది. దాని మీద ఎర్రగుడ్డ ఎంతో అందంగా ఎగురుతోంది. పక్కనే తుమ్మపొదల చాటున ఆయిలింజను డుగడుగమంటూ కాలువని తాగేస్తోంది. చేను నిండి, మిగిలిన నీళ్లు మురుగుకాలువలోకి పొర్లిపోతున్నాయి.

"తూము ముట్టుకోలేదు స్వామీ, చూసుకోండి. గుడ్డ కూడా కొత్తదే," అన్నారు బసవయ్యగారు. "అయినా ఆశ్రమానికి బియ్యం వచ్చేది ఈ చేలోంచే కదండీ."

గురువుగారి మొహం కందిపోయింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి అరిచిన అరుపుకి చేలో కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"పీకరా దాన్ని!"

కైలాసం ఒక్కసారి తండ్రి వంక చూశాడు. పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగి గొట్టం లాగేశాడు. ఇంజను ఎక్కిళ్లు పెట్టి ఆగింది. నీళ్లు కిందికి కదిలాయి.

"ఇవాళ పీకావు. వచ్చే శుక్రవారం ఏం చేస్తావురా?" అన్నారు బసవయ్యగారు.

గురువుగారు శిష్యుడితో అన్నారు. "ఈ చేని బియ్యం ఇక మన గడప తొక్కకూడదు. అప్పాయమ్మ చేను పండేదాకా మన పొయ్యి వెలగదు."

తడిసిన పంచె పిండుకుంటూ అడిగాడు కైలాసం. "అంతవరకూ ఏం తిని బతకాలి గురువుగారూ?"

"అది శివారు వాళ్లనడుగు."